పక్కన పెట్టిన జవాబు

“మళ్ళీ చూడండి,” అంది అమ్మ.

“చూశానే. ఎన్నిసార్లు చూసినా అదే వస్తోంది.”

“కళ్ళజోడు తుడుచుకుని చూడండి.”

నాన్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. టాబ్లెట్‌ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, అక్కడున్నది ఉన్నట్టు పైకి చదివాడు. “ఈ జవాబును పక్కన పెట్టాము. ఇదే ప్రశ్నకు సరిచూసిన జవాబు కోసం కింద చూడండి.”

ఉద్యోగమున్నన్నాళ్ళూ రైల్వే స్టేషన్ మైకులో బండ్ల రాకపోకలు చెప్పిన గొంతు అది. ఏ బండి రద్దయినా తొణకని గొంతు ఇప్పుడు ‘పక్కన పెట్టాము’ దగ్గర తడబడింది.

“ఎవరట పెట్టింది?”

నాన్న వంటగది గుమ్మం వైపు చూశాడు. షాపులో పనికి తయారై, చేతిలో టీ గ్లాసుతో చిన్నకూతురు అక్కడ నిలబడి ఉంది.

“నేనేనమ్మా,” అంది.

అమ్మ తన ముందున్న గ్లాసుని చేత్తో దూరంగా జరిపింది. ఆ చిన్న చప్పుడు చాలు చిన్నదానికి. అమ్మ అరిస్తే తట్టుకోవచ్చు. ఇలా గ్లాసు జరిపిందంటే ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ గుక్క దిగదు.

రోజూ పొద్దున్నే ఈ వేళకి ఆ ఇంట్లో పెద్దకూతురి మాట వినిపిస్తుంది. పెద్దది బళ్ళో సైన్సు టీచరు. ‘ఎందుకంటే’ అనే ఆన్‌లైన్ కమ్యూనిటీలో ఎవరు ఏ సందేహం అడిగినా విసుక్కోకుండా రాసేది. ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెందుకు? ఆవలింత పక్కవాళ్ళకి ఎలా అంటుకుంటుంది? అడిగేవాళ్ళలో బడిపిల్లలుండేవాళ్ళు, వాళ్ళకి జవాబు చెప్పలేక తల పట్టుకున్న తల్లులుండేవాళ్ళు. అందరికీ ఆమె ‘ఎందుకక్క’. ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా రాసింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. రాసినవి మాత్రం అక్కడే ఉన్నాయి. టీ తాగుతూ నాన్న ఒకటి చదువుతాడు, అమ్మ వింటుంది. అమ్మకీ చదవడం వచ్చు. కానీ ఆయన గొంతులో వింటే కూతురు పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంటుందని ఆమె నమ్మకం.

అన్నిట్లోకీ అమ్మకి ప్రాణం గ్రహణం జవాబు. సూర్యగ్రహణాన్ని ఎలా చూడాలని ఎవరో అడిగితే పెద్దది తన చిన్నతనం కథ రాసింది. నాన్న బీరువాలోంచి తన పాత ఎక్స్‌రే ఫిల్మ్ తీసి, ఒక ముక్క కత్తిరించి ఇవ్వడం, అక్కాచెల్లెళ్ళిద్దరూ డాబా ఎక్కడం, ఆ ఒక్క ముక్క కోసం జుట్లు పట్టుకోవడం. ‘మా చెల్లి నాకు వంతు ఇస్తేనా! గ్రహణం మొత్తం అదే చూసేసింది. నా వాటా నాకింకా రానేలేదు’ అన్న చోట అమ్మ నవ్వుతుంది. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడుతున్న నవ్వు అదొక్కటే.

కథంతా అయ్యాక పెద్దది ఇలా ముగించింది: ‘కాబట్టి భయపడకండి. ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉంటే చాలు.’

ఆ ముగింపే తప్పు. పైగా వచ్చే వారమే మళ్ళీ గ్రహణం.

“అమ్మా, ఒక్క నిమిషం విను,” చిన్నది గ్లాసు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. “గ్రహణం దగ్గర పడిందని అందరూ అదే ప్రశ్న అడుగుతున్నారు. బకెట్ నీళ్ళలో చూడొచ్చా అని ఒకరు, మసి పట్టించిన గాజుముక్కలోంచి చూడొచ్చా అని ఒకరు, ఫోన్లోంచి అయితే ఏమవుతుందని ఇంకొకరు. అవన్నీ ఒకచోటికి చేర్చి ఒకే జవాబు పెట్టాలి. అక్కది అన్నిటికన్నా పైనుంది. జనం దాన్నే నమ్ముతున్నారు. ఎక్స్‌రే ఫిల్మ్ పనికిరాదమ్మా. కళ్ళకి ప్రమాదం.”

“ఒక్క మాట తప్పైతే ఆ మాట దిద్దు. కథంతా ఎందుకు తీశావు?”

“కథ ఉంటే కథనే నమ్ముతారు. కింద వద్దని ఎంత రాసినా, వాళ్ళు చూశారుగా మనమూ చూద్దాం అనుకుంటారు.”

“అయితే అబద్ధమా అది?”

“అబద్ధం కాదు.”

“మరి?”

చిన్నదానికి చెప్పాల్సింది నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోయింది.

“ఆసుపత్రివాళ్ళు కూడా మంచం ఖాళీ చెయ్యమనడానికి ఒక పూట ఆగారు,” అంది అమ్మ, గొంతు పెంచకుండానే. “నువ్వు మాకొక మాటైనా చెప్పలేదు. చిన్నప్పుడు దాని వంతు లాక్కున్నావు. ఇప్పుడు దాని మాట కూడా లాక్కున్నావు.”

“ఊరుకోవే, పొద్దున్నే...” అన్నాడు నాన్న.

“నేను ఊరుకునే ఉన్నాను. ఊరుకోనిది మీ చిన్నకూతురు.”

అమ్మ లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది.

*

కళ్ళజోళ్ళ షాపులో మధ్యాహ్నం రద్దీ ఉండదు. చిన్నది అద్దాలు తుడిచి వరుసగా పెడుతూ, తుడిచినవే మళ్ళీ తుడుస్తోంది.

కమ్యూనిటీలో రాయడం అక్క పని, సర్దడం చెల్లెలి పని. ఒకే సందేహాన్ని జనం రకరకాలుగా అడుగుతారు. ఆకాశం నీలంగా ఎందుకుందని ఒకరంటే, సముద్రం రంగు పైన పడుతుందా అని ఇంకొకరంటారు. అవన్నీ ఒకటేనని గుర్తుపట్టి ఒక పేజీ కిందికి తేవడం, మంచి జవాబుని పైకి ఎక్కించడం, తప్పుని పక్కకి తియ్యడం చిన్నది చేసే పని. “నేను వండి పారేస్తాను, నువ్వు వడ్డించు” అనేది అక్క ఫోన్లో. ‘జల్లెడ’ అని పేరు పెట్టింది కూడా అక్కే. ఆ పేరుతోనే అక్కడ అందరికీ తెలుసు. అక్క తప్పు రాసినప్పుడు కూడా మొదట పట్టుకునేది జల్లెడే. “దొరికిపోయానే!” అని పగలబడి నవ్వి అప్పటికప్పుడు దిద్దేసేది అక్క.

గ్రహణం జవాబు సంగతి మాత్రం అక్క ఉన్నప్పుడు చెప్పలేకపోయింది.

చెబితే కారణం చెప్పాలి. ఈ షాపులో చేరిన కొత్తలో, పని నేర్పుతూ ఒకరి కళ్ళు ఒకరు పరీక్షించుకోమన్నారు. ఎడమ కన్ను మూసి చార్టు చూసేసరికి అక్షరాలకి మధ్యలో చిల్లు పడి కనిపించింది. ఎటు చూస్తే అటు ఆ చిల్లు. పక్కకి తిప్పి చూస్తే అక్షరం ఉంది, సూటిగా చూస్తే లేదు. షాపుకి వచ్చే కంటి డాక్టరమ్మ దీపం వేసి లోపలికి చూసి, “చిన్నప్పుడెప్పుడైనా సూర్యుణ్ణి అదేపనిగా చూశావా?” అని అడిగింది. మందు లేదంది. ఒక కన్ను బాగుంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియకుండా నెట్టుకొచ్చావంది.

ఇంటికెళ్ళి ఎవరితో చెబుతుంది? ఆ ముక్క కత్తిరించి చేతికిచ్చింది నాన్న. “జాగ్రత్తమ్మా, దీంట్లోంచే చూడండి” అని ముద్దుగా చెప్పి మరీ ఇచ్చాడు. వంతు రాని అక్క బతికిపోయింది, వంతు వదలని చెల్లెలి కన్ను పోయింది. అక్కకి తెలిస్తే ఆ కథ మళ్ళీ నవ్వుతూ చెప్పగలిగేదా? నాన్నకి తెలిస్తే ఆయనకి నిద్ర పడుతుందా? అందుకే చిన్నది నోరు కుట్టేసుకుంది. ఇవాళ కూడా అమ్మ అన్నేసి మాటలంటుంటే ఒక్క మాటతో ఆపగలిగుండేది. ఆ ఒక్క మాట పోయి నాన్న నెత్తిన పడుతుంది.

తలుపు గంట మోగింది. అక్క భర్త, బావ వచ్చాడు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో ఆయన పని. గోళ్ళ అంచుల్లో తెల్లటి పొడి అలాగే ఉంది, మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు.

“అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చింది,” అన్నాడు స్టూలు మీద కూర్చుంటూ.

“మీరు కూడా తిట్టడానికే వచ్చారా బావగారూ?”

“తిట్టడానికి నాకు ఓపికెక్కడుందమ్మా.” గోళ్ళలోని పొడి గీరుకున్నాడు. “ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. తన మీద నీకేమైనా కోపముందా? ఉంటే చెప్పు. ఉండకూడదని లేదు. నాక్కూడా ఉంది, ఇలా వదిలేసి పోయినందుకు.”

“మీ అందరికన్నా దానితో ఎక్కువ మాట్లాడింది నేను. నాకు కోపమేంటి?”

“మరి అది వేరేవాళ్ళ చేత తీయించొచ్చుగా?”

“కమ్యూనిటీ వాళ్ళు మేం తీస్తామనే అన్నారు. నేనే వద్దన్నాను. దాని మాట వేరేవాళ్ళు తీసేస్తే చూడలేను.”

బావ ఇంకేదో అనబోతుండగా తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఒకావిడ చంకలో పెద్ద కవర్ల కట్టతో రొప్పుతూ వచ్చింది. వస్తూనే కట్టని బల్ల మీద దించింది. అన్నీ ఎక్స్‌రే ఫిల్ములు.

“అమ్మా, మీ దగ్గర పాత ఫ్రేములు పారేసేవి ఉంటే, వీటిని ముక్కలు కోసి బిగించి ఇస్తారా? మా బడిపిల్లలకి గ్రహణం చూపిద్దామని. ఆసుపత్రిలో బతిమాలి తెచ్చాను.”

“ఇవి పనికిరావండీ,” అంది చిన్నది.

“ఎందుకు పనికిరావు? ఎందుకక్క రాసిందిగా చాలని! ఎప్పుడో చదివి ప్రింటు కూడా తీసుకున్నాను.”

బావ తల ఎత్తాడు. చిన్నది ఆయన వైపు చూడకుండా ఉండడానికి ఒక ఫ్రేము చేతిలోకి తీసుకుంది.

“ఎందుకక్క తప్పు రాసిందండీ.”

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“ఆవిడ తప్పు రాయదమ్మా!” టీచరమ్మకి నిజంగానే కోపం వచ్చింది. “ఆవిడ రాసిందంటే నేను కళ్ళు మూసుకుని పాఠం చెప్పేస్తాను. అసలు మీకెలా తెలుసు?”

“నేను ఆవిడ చెల్లెల్నండీ.”

టీచరమ్మ ముఖమంతా విచ్చుకుంది. “వంతు ఇవ్వని చెల్లెలివా నువ్వు? ఓరి దేవుడా! మా పిల్లలకి నువ్వు బాగా తెలుసమ్మా. గ్రహణం మొత్తం మింగేసిన చెల్లి అంటారు నిన్ను!”

చిన్నది కూడా నవ్వబోయింది. రాలేదు.

“వినండి,” అంది. “ఫిల్మ్ నల్లగా ఉంటుంది కాబట్టి కళ్ళు చెదరవు. చెదిరితే తిప్పేసుకుంటాం. చెదరవు కాబట్టి చూస్తూనే ఉంటాం. కనపడని వేడి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. కంటి లోపల కాలితే నొప్పి తెలీదండీ. పిల్లలు ఏడవరు కూడా. నవ్వుకుంటూ కిందికి దిగి వస్తారు. తర్వాత ఎప్పుడో, అక్షరం మధ్యలో చిల్లు కనిపిస్తుంది. ఎటు చూస్తే అటు వస్తుంది. తుడిస్తే పోదు.”

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. బల్ల మీది కట్టని నెమ్మదిగా తన వైపు లాక్కుంది.

చిన్నది ఒక అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పొడిచి ఇచ్చింది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, అట్టని ఎండలో పట్టుకుని, కింద తెల్లకాగితం మీద పడే వెలుగు చుక్కని చూడమంది. చంద్రుడు కొరికినంత మేర ఆ చుక్క కూడా తరుగుతుందని, చిల్లులోంచి మాత్రం పైకి చూడొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, ఫిల్ములు అక్కడే వదిలేసి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “అక్కగారు బాగున్నారా? ఈ మధ్య ఏమీ రాయడం లేదు,” అంది.

బావే అన్నాడు. “లేదమ్మా. రాయడం లేదు.”

ఆవిడ వెళ్ళిపోయాక కూడా బావ చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు చిన్నదాని తల మీద చెయ్యి వేశాడు. “తను ఉండుంటే తనే తీసేసేది. నేను వెళ్ళి అత్తయ్యకి చెప్తాను. నువ్వు ఇందాక ఆవిడకి చెప్పినట్టే చెప్తాను.”

వద్దని ఎందుకనలేదో చిన్నదానికి తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందు గదిలోనే ఉంది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మాట్లాడడానికి సిద్ధపడి కూర్చున్నట్టుంది. నాన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో టాబ్లెట్ ఉంది కానీ చూడడం లేదు.

“మీ బావ వచ్చి వెళ్ళాడు,” అంది అమ్మ. “అక్షరం మధ్యలో చిల్లు పడుతుందని, అదీ ఇదీ అంతా చెప్పాడు. సరేనే, ప్రమాదమే అనుకుందాం. పొద్దున నోటికొచ్చినట్టు అన్నాను, మనసులో పెట్టుకోకు.”

“నేనేమీ పెట్టుకోలేదమ్మా.”

“కానీ నాకొకటి చెప్పు. ఆ రోజు నువ్వు చూశావుగా. మొత్తం నువ్వే చూశావు. నీకేమైంది?”

చిన్నది చెప్పులు విడవడానికి వంగింది. విడవడానికి ఎంతసేపు పట్టాలో అంతకన్నా ఎక్కువసేపు వంగే ఉంది.

“ఏం కాలేదమ్మా.”

“కాలేదుగా! అదే నేననేది. మరి తిరిగి పెట్టెయ్యవే.” అమ్మ గొంతు ఒక్కసారిగా చిన్నపిల్ల గొంతయిపోయింది. “కింద ఎన్ని జాగ్రత్తలైనా రాసుకో. దాని కథ దానికి ఉండనీ. నాకోసం.”

పొద్దుటి కోపం కన్నా ఈ బతిమాలడం ఎక్కువ కోసింది. “కథ నీకు ప్రింటు తీసి ఇస్తానమ్మా. పెద్ద అక్షరాల్లో. రోజూ చదివించుకో.”

“ప్రింటు నాకెందుకే?” అమ్మ తల అడ్డంగా ఊపింది. “ఎక్కడెక్కడి వాళ్ళో చదివి నవ్వుతుంటే అది ఉన్నట్టుంటుంది. కాగితం మీద నేనొక్కదాన్నీ చదువుకుంటే పోయినట్టుంటుంది.”

సర్దడం తెలిసిన చిన్నదానికి ఆ మాటని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అమ్మ చెయ్యి లాక్కోలేదు, బిగించనూ లేదు.

కిటికీ పక్క నుంచి నాన్న మాట్లాడాడు.

“నువ్వు పుస్తకం ఏటవాలుగా పెట్టి చదివేదానివి.”

“ఏంటి నాన్నా?”

“బళ్ళో చదివేటప్పుడు. తల ఒక పక్కకి వాల్చి. సరిగా కూర్చోమని తిట్టేవాణ్ణి. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను.”

“అదేదో అలవాటు నాన్నా. చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకు?”

“డాబా మీద ఎడమ కన్ను గట్టిగా మూసుకున్నావు. నాకు బాగా గుర్తు. ఒంటికంటితో చూస్తున్నావేమిటే దుర్బీనులో చూసినట్టు అంటే నవ్వావు.” ఆయన లేచి వచ్చాడు. వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు. “ఇటు తిరగకు. కదలకుండా కూర్చో.”

“ఏమిటండీ మీ వేషాలు?” అంది అమ్మ.

నాన్న ఎడమ అరచెయ్యి వచ్చి చిన్నదాని ఎడమ కంటిని కప్పేసింది. రెండో చేత్తో టాబ్లెట్‌ని ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

“చదువమ్మా. మీ అక్క రాసిందే.”

చిన్నది కుడికంటితో చూసింది. తెల్లటి తెర, చుట్టూ చీమల బారుల్లా వరుసలు. సూటిగా చూసినచోట ఏమీ లేదు. చూపుని కొంచెం పక్కకి జరిపితే పైనున్న పెద్ద అక్షరాల్లో ‘మంచు’ అన్నది దొరికింది. అది చాలు. అక్క రాసినవన్నీ సర్దింది ఆమే. ప్రతి జవాబూ కంఠతా వచ్చు.

“మంచుగడ్డ నీళ్ళ మీద ఎందుకు తేలుతుంది?” ఎక్కడా ఆగకుండా మొదలుపెట్టింది. “చలేస్తే మనమందరం ముడుచుకుంటాం. నీళ్ళు మాత్రం గడ్డకట్టేటప్పుడు కాళ్ళు బారజాపుకుంటాయి. అంతే బరువు, చోటు మాత్రం ఎక్కువ కావాలి. అందుకే నీళ్ళకన్నా తేలికై పైకి వస్తాయి...”

అమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. పెదవుల మీదికి సన్నగా నవ్వు వచ్చింది.

“చెరువు పైన ఎంత గడ్డకట్టినా అడుగున చేపలు బతికి ఉండేది దీనివల్లే. పైన కప్పుకున్న మంచే వాటికి దుప్పటి. కాబట్టి ఈసారి గ్లాసులో మంచుముక్క తేలుతుంటే దానికో దండం పెట్టండి.”

అయిపోయింది. గండం గడిచిందనుకుని చిన్నది ఊపిరి వదిలింది.

“చక్కగా చదివిందిగా,” అంది అమ్మ కళ్ళు తెరిచి. “ఏమిటండీ మీ అనుమానం?”

నాన్న టాబ్లెట్‌ని చిన్నదాని ముఖం ముందు నుంచి తీసి, అమ్మ ఒళ్ళో పెట్టాడు.

“అది చదువుతుండగానే బొటనవేలితో పేజీ మార్చాను,” అన్నాడు. “ఇప్పుడక్కడేముందో నువ్వు చూడు.”

అమ్మ వంగి, వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంది.

“పిల్లికి... చీకట్లో కళ్ళు...” ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది. “ఇది మంచుగడ్డ కాదేమిటండీ?”

నాన్న అరచెయ్యి చిన్నదాని ఎడమ కంటి మీద నుంచి ఇంకా కదల్లేదు.